కూతకు వెళ్ళిన ఆదివారం

బడంగ్‌పేట్‌లోని మా కాలనీలో ఎవరి పేర్లూ ఎవరికీ సరిగ్గా తెలియవు. ఎదురింటాయన బ్యాంకు సార్. మూలింటావిడ టీచరమ్మ. నేను ఎయిర్‌పోర్ట్ అక్కను. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ గేటు దగ్గర పనిచేసేదాన్ని. పాసులు చూసి ప్రయాణికులను లోపలికి పంపడం, ఇంకా రానివాళ్ళను మైకులో పేరు పెట్టి పిలవడం నా ఉద్యోగం. పెళ్ళిళ్ళలో మా అత్తమ్మ కూడా "మా కోడలు, ఎయిర్‌పోర్ట్‌ల చేస్తది" అనే చెప్పేది. పేరు చెప్పాలన్న సంగతే ఆమెకు తోచేది కాదు. నాకూ అది గొప్పగానే ఉండేది.

ఒక చలికాలంలో మా కంపెనీ కాంట్రాక్టు ముగిసింది. అందరి దగ్గరా బ్యాడ్జీలు తీసుకుని ఇంటికి పంపేశారు. ఇంట్లో ఆ సాయంత్రమే చెప్పాను గానీ, కాలనీలో చెప్పడానికి నోరు రాలేదు. ఎయిర్‌పోర్ట్ పోయాక మిగిలే ఆ అక్క ఎవరు? నాకే తెలియలేదు.

ఆ వారంలోనే టిఫిన్ సెంటర్ నడిపే మా పక్కింటావిడ గేటు తోసుకుని వచ్చింది.

"అక్కా, ఆదివారం జల్‌పల్లోళ్లతోని ఆడోళ్ల కబడ్డీ పెట్టిన్రు. మాకు ఒకామె తక్కువైంది. నువ్వు బడిల ఆడినవంట గదా? అత్తమ్మ చెప్పింది."

"ఎప్పటి ముచ్చట అది! ఇప్పుడు నలభై దగ్గరికొచ్చిన."

"నేనేమన్న పదారేండ్ల పిల్లనా? నాకు మోకాలు పట్టేస్తది, అయినా ఆడుతున్న. ఇగ లే!"

వెళ్ళాను. ఖాళీ ప్లాటులో ముగ్గుపిండితో గీతలు గీసుకుని సాధన చేశాం. మొదటి పట్టుకే మోచెయ్యి గీరుకుపోయింది. లేచి దుమ్ము దులుపుకుంటుంటే నవ్వొచ్చింది. అక్కడ ఎవరూ నన్ను డ్యూటీ గురించి అడగలేదు. "ఎడమ దిక్కు చూడక్కా! ఎడమ దిక్కు!" అని అరిచారు, అంతే. ఇంటికొచ్చి వేడినీళ్ళు పోసుకుంటున్నప్పుడు గానీ, ఆ సాయంత్రమంతా ఉద్యోగం గుర్తుకే రాలేదని తట్టలేదు.

ఆదివారం కాలనీకి కాలనీ ప్లాటు చుట్టూ చేరింది. మా అసోసియేషన్ పెద్దమనిషి మైకు పట్టుకుని ఒక్కొక్కరినే పరిచయం చేస్తున్నాడు. నా వంతు రాగానే "ఇగ మన ఎయిర్‌పోర్ట్ అక్క!" అన్నాడు.

నేను దగ్గరికి వెళ్ళాను. "అన్నా, గట్ల చెప్పకుండ్రి. నేనిప్పుడు ఎయిర్‌పోర్ట్‌ల చేస్తలేను."

ఆయన మైకును చేత్తో మూశాడు. "అయ్యో! మరిప్పుడేం చేస్తున్నవమ్మా?"

"కబడ్డీ ఆడుతున్న. పేరు చెప్పుండ్రి, చాలు."

పేరేమిటో చెవిలో చెప్పించుకుని, గట్టిగా అరిచాడు. జనం చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్ళూ మైకులో ఎవరెవరి పేర్లో పిలిచాను. నా పేరు మైకులో వినడం అదే మొదటిసారి.

ఆట చివరికొచ్చేసరికి రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. ఆఖరి కూత. మా పక్కింటావిడ మోకాలు పట్టుకుని కూర్చుంది. "పో అక్కా!" అంది.

"కబడ్డీ కబడ్డీ" అంటూ గీత దాటాను. ఒకామె భుజం తాకి వెనక్కి తిరిగానో లేదో, జల్‌పల్లి జట్టులోని పొడుగమ్మాయి నా చీలమండ దొరకబుచ్చుకుంది. బోర్లా పడ్డాను. నా మీద ఇంకొకామె పడింది. గీత చెయ్యి చాపేంత దూరంలో ఉంది. పాకాను. సరిగ్గా అప్పుడే నెత్తిమీదుగా విమానం దిగుతోంది, ఆ మోతలో ఎవరికీ ఏమీ వినబడలేదు. నా వేళ్ళు ముగ్గుపిండిని తాకాయి.

"కూత తెగింది!" అన్నారు వాళ్ళు.

"యాడ తెగింది? జర వినుండ్రి!" అన్నారు మావాళ్ళు.

అంపైర్ వంగి నా నోటి దగ్గర చెవి పెట్టాడు. నేనింకా "కబడ్డీ కబడ్డీ" అని గొణుగుతూనే ఉన్నాను. ఆయన నవ్వాపుకోలేక "చాలమ్మా, ఇగ ఆపు. గెలిచిన్రు!" అన్నాడు.

తర్వాతి గోల నాకు సరిగ్గా గుర్తులేదు. మా అత్తమ్మ కుర్చీ మీంచి లేచి, "గామె నా కోడలు!" అని పక్కవాళ్ళకు చెప్పడం మాత్రం విన్నాను. ఎయిర్‌పోర్ట్ ఊసెత్తకుండా ఆ మాటతోనే ఆపేసింది.

కొన్నాళ్ళకు అదే విమానాశ్రయంలో వేరే కంపెనీ నన్ను ఇంటర్వ్యూకి పిలిచింది. "మీ గురించి చెప్పండి" అన్నారు. అంతకుముందైతే గేటు దగ్గరి అనుభవమే చెప్పేదాన్ని. ఈసారి కబడ్డీతో మొదలుపెట్టాను. వాళ్ళు నవ్వారు, పనిచ్చారు. ఆదివారం సాయంత్రాలు మాత్రం రాలేనని అప్పుడే చెప్పేశాను.

పని బాగానే ఉంది. డ్యూటీ దిగగానే బ్యాడ్జీ బ్యాగులో పడేసి బస్సెక్కేస్తాను. వచ్చే ఆదివారం మామిడిపల్లి వాళ్ళతో ఆట. ఆ జట్టులో అందరూ పాతికేళ్ళ లోపువాళ్ళేనట. మా పక్కింటావిడ మోకాలికి కొత్త పట్టీ కొనుక్కుంది. నాకైతే ఇప్పటినుంచే కాళ్ళు ఆగడం లేదు.