పంటి కింద కెనడా

ఈ ఉదయం మా మార్కెట్ యార్డులో ఎవరో పప్పుశనగ గింజ కొరికారు. టప్పుమని ఆ చప్పుడు వినగానే చేతిలోని టీ గ్లాసు కింద పెట్టి వెనక్కి తిరిగాను. కొత్తగా వచ్చిన వ్యాపారి ఒకాయన బస్తాలోంచి తీసిన గింజల్ని అరచేతిలో పోసుకుని, ఒక్కొక్కటీ దవడ పళ్ళ కింద పెట్టి విరుస్తున్నాడు. బాగా ఎండిన గింజ ఒక్కసారిగా పగులుతుంది. తేమ మిగిలిన గింజ చప్పుడు లేకుండా నలుగుతుంది. ఆ తేడా నాకు నేర్పినాయన పోయి ఏడాది కావస్తోంది. అయినా ఆ చప్పుడు వింటే మా ఆఫీసులోని ఆయన కుర్చీ వైపు చూడకుండా ఉండలేను.

ఆయన పేరు ఎర్రిస్వామి. బళ్ళారిలో పప్పుధాన్యాల దలాలి. రైతుకీ మిల్లుకీ మధ్య నిలబడి బేరం కుదర్చడం ఆయన పని. యార్డంతా ఆయన్ను సావుకారు అనేది. నేను బి.కాం. ముగించి, కంప్యూటర్ చూసుకోవడానికి ఆయన దగ్గర చేరాను. మొదటి రోజు కంప్యూటర్ ముఖమైనా చూపించలేదు. ఒక గిన్నెడు పప్పుశనగలు చేతికిచ్చి, ఒక్కొక్కటే కొరకమన్నారు. ఆయన పళ్ళు అప్పటికే ఊడిపోయి కట్టుడు పళ్ళు వచ్చాయి. వాటితో గింజ విరగదు. అందుకని నేను కొరుకుతుంటే ఆయన కళ్ళు మూసుకుని, తల ఒక పక్కకు వంచి వినేవారు. సాయంత్రానికి నా దవడలు పట్టేశాయి. ఈయనకు కాస్త తిక్క ఉన్నట్టుందని ఇంటికెళ్ళి అమ్మతో చెప్పాను.

తిక్క ఉన్న మాట నిజమే. దేని గురించి చెప్పినా ఆయన అడిగే మాట ఒకటే ఉండేది: నీకెట్ల తెల్సు? కురుగోడులో వాన పడిందట అంటే, ఎట్ల తెల్సు అనేవారు. పేపర్లో వచ్చింది అంటే, పేపరాయనకు ఎట్ల తెల్సు అనేవారు. అలా తవ్వుకుంటూ పోతే చివరికి ఎవరో ఒక బస్సు కండక్టర్ తన కళ్ళతో చూసిన తడి రోడ్డు దగ్గర తేలేది. అప్పుడు గానీ ఆయనకు తృప్తి ఉండేది కాదు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. పోను పోను ఆయన అడగకముందే నేనే ఆ కండక్టర్ దాకా వెళ్ళి రావడం అలవాటైంది.

కెనడా మా ఆఫీసులోకి ఎలా వచ్చిందో చెప్పాలి. ఒక సాయంత్రం ఆయన నన్ను యార్డు బయట బొరుగుల ఉగ్గాణి, మిరపకాయ బజ్జీలు అమ్మే బండి దగ్గరకు తీసుకెళ్ళారు. బజ్జీ విరిచి లోపలి పిండి చూపించి, ఇందులో ఏముందో చెప్పమన్నారు. శనగపిండి అన్నాను. ఆయన నవ్వి బండి ఆయన్ను అడిగారు. శనగపిండి ధర ఎక్కినప్పుడు పసుపు బఠాణీ పిండి కూడా కలుపుతామని అతను దాచకుండా చెప్పాడు. ఆ బఠాణీ చాలావరకూ కెనడా నుంచి ఓడల్లో వస్తుంది. అది చవకగా దిగితే ఇక్కడ పప్పుశనగను అడిగేవాడు తగ్గుతాడు.

"చూడు పాపా, యాడనో మంచులో పండిన గింజ ఈడ మన మిరపకాయను చుట్టుకోని ఉండాది," అన్నారు సావుకారు. "ఆ ఊరోళ్ళు ఏం మాట్లాడుకుంటాండారో మనకు తెల్సాల్నా, వద్దా?"

మరుసటి రోజు నుంచి పొద్దున టీతో పాటు కెనడా వార్తలు చదివి తెలుగులో చెప్పడం నా పనుల్లో చేరింది. అక్కడి పార్లమెంటులో అప్పట్లో రెండు గొడవలు నలుగుతుండేవి. ఒకటి, సరుకంతా పక్కనున్న పెద్ద దేశానికే అమ్ముకుంటూ కూర్చోవాలా, దూరదేశాల కొనుగోలుదార్లను వెతుక్కోవాలా అన్నది. ఆ దూరదేశాల్లో మనమూ ఉన్నామని తెలిసి సావుకారు చాలా సంతోషించారు. రెండోది కర్బన పన్ను. బొగ్గు, గ్యాసు, పెట్రోలు కాల్చితే పన్ను. ఆయన దానికి పొగపన్ను అని పేరు పెట్టారు. భూమి వేడెక్కకుండా ఉండాలంటే పొగకు ఖరీదు కట్టాల్సిందేననీ, వసూలైన దాంట్లో ఎక్కువ భాగం ఇళ్ళకే తిరిగి పంచుతున్నామనీ పాలకపక్షం అనేది. ధాన్యం ఆరబెట్టే గ్యాసు మీద కూడా పన్నేసి రైతు నడ్డి విరుస్తున్నారని ప్రతిపక్షం అనేది.

ధాన్యం ఆరబెట్టడానికి గ్యాసు అన్న మాట దగ్గర సావుకారు ఆగిపోయారు. ఎండలో పోస్తే పోదా అన్నారు. కోతల నాటికి అక్కడ చలి వస్తుందనీ, వేడిగాలి యంత్రాల్లో పోసి ఆరబెడతారనీ చెప్పాను. ఎండకు కూడా ఖరీదు పెట్టాల్సిన దేశం ఉంటుందని ఆయన ఎన్నడూ అనుకోలేదట. మన ఊళ్ళో ఉచితంగా మాడి చస్తున్నామని నవ్వుకున్నారు. తర్వాత మాకొక ఆట మొదలైంది. ఒక రోజు ఆయన పాలకపక్షం, నేను ప్రతిపక్షం. మర్నాడు తారుమారు. ఏ పక్షంలో ఉన్నా ఆయన మనస్ఫూర్తిగానే వాదించేవారు. ఇనుప గనులున్న తారానగర్ వైపు వెళ్ళొచ్చిన రోజు చొక్కా మీది ఎర్ర దుమ్ము దులుపుకుంటూ, దీనికి ఎవరు పన్ను కట్టాలో మీ పక్షం చెప్పమని నన్ను నిలదీశారు.

ఆ ఆటలో నేనెంత ఆరితేరిపోయాననుకున్నానంటే, ఒక ఏడాది ఆయన ఊళ్ళో లేనప్పుడు సొంతంగా ఒక సలహా ఇచ్చేశాను. హులిగమ్మక్క అని కురుగోడు రైతు. భర్త లేడు. నాలుగెకరాల నల్లరేగడి కౌలుకు చేసేది. పప్పుశనగ తెచ్చి, ఇప్పుడే అమ్మాలా, రెండు నెలలు ఆగాలా అని అడిగింది. మంచి ధర వస్తేనే నాలుగెకరాలకూ కౌలు కట్టగలదు. లేకపోతే సగం వదులుకోవాలి. కెనడాలో పొగపన్ను ఎత్తేస్తున్నారు, ఆరబెట్టే ఖర్చు తగ్గుతుంది, చవక బఠాణీ వచ్చి పడుతుంది, ఇప్పుడే అమ్మెయ్యక్కా అని గలగలా చెప్పాను. ఇంత చదువుకున్న పిల్ల చెబుతోంది కదా అని ఆమె ఆ రోజే అమ్మేసింది.

రైతులు వాడే ఇంధనం మీద ఆ పన్ను నిజంగానే ఎత్తేశారు. కానీ నేననుకున్న చవక బఠాణీ రాలేదు. ఇక్కడ పంట తక్కువైంది, రెండు నెలల్లో పప్పుశనగ ధర ఎక్కింది. హులిగమ్మక్క రెండెకరాలు వదులుకుందని తెలిసిన రోజు సావుకారు నన్ను పిలిచారు. కోప్పడతారనుకున్నాను. అదే పాత ప్రశ్న అడిగారు.

"బఠాణీని గ్యాసు పెట్టి ఆరబెడతారని నీకెట్ల తెల్సు?"

పార్లమెంటులో అన్నారని చెప్పాను. వాళ్ళు అన్నది ధాన్యం గురించి కదా, బఠాణీ అన్నారా అని అడిగారు. ఇద్దరం కూర్చుని వెతికాం. ఒక కెనడా రైతు తీసిన వీడియో దొరికింది. బఠాణీ చాలావరకూ చేలో నిలబడే ఎండుతుందనీ, గ్యాసు కాల్చేది ఎక్కువగా వేరే పంటలకనీ అతను చెబుతున్నాడు. అలా చెబుతూనే ఒక గింజ తీసి నోట్లో వేసుకుని కొరికాడు. సావుకారు దాన్ని మూడుసార్లు పెట్టించుకుని చూశారు. ఆ గింజ టప్పుమనకపోవడం విని, పచ్చిగా ఉండాది, ఇంకా రెండు దినాలు ఆగాల అన్నారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

మర్నాడే ఆయన నన్ను బస్సెక్కించి కురుగోడుకు తీసుకెళ్ళారు. ఎందుకని అడిగితే, తప్పు చెప్పినప్పుడు ఎట్ల తప్పయ్యిందో కూడా మనమే పోయి చెప్పాల అన్నారు. హులిగమ్మక్క ఇంటి ముందు అరుగు మీద కూర్చుని అంతా చెప్పాను. గ్యాసు సంగతి, బఠాణీ సంగతి, పార్లమెంటు మాటను నేను కొరికి చూడకుండా మింగేసిన సంగతి. సావుకారు పక్కనే ఉన్నా నన్ను కాపాడటానికి ఒక్క మాట కూడా కలపలేదు.

"రెండెకరాలు పాయ, ఏం చేద్దుము," అంది హులిగమ్మక్క. "మేం నష్టపోతే ఎవురూ రారు పాపా. ఇట్ల ఇంటికొచ్చి చెప్పినోళ్ళు మీరే."

ఆ మాటతో నా మనసు తేలికపడలేదు. ఇంకా బరువెక్కింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో సావుకారు కిటికీలోంచి చేలు చూస్తూ, ఆ కెనడా రైతు పొలం ఎన్నెకరాలుంటుందో, అతనికి పెళ్ళయిందో లేదో అని అడుగుతూనే ఉన్నారు. నన్ను ఓదార్చడానికే అలా అడిగారని అప్పుడు తెలియలేదు. కొన్ని నెలల తర్వాత ఆయన వెళ్ళిపోయారు. ఆఖరి వారంలో కూడా ఆసుపత్రి మంచం మీద కెనడాలో ఏమంటాండారు అని అడిగారు. చదివి వినిపించాను. ఎట్ల తెల్సు అని అడగలేదు. ఆ ప్రశ్న కోసం ఎదురుచూసి, రాకపోయేసరికి వరండాలోకి వెళ్ళి ఏడ్చాను.

ఇప్పుడు ఆఫీసు నేనే నడుపుతున్నాను. పొద్దున వార్తలు చదవడం మానలేదు, రెండు పక్షాల మాటా నాకు నేనే వాదించుకుంటాను. ఈ ఉదయం ఆ వ్యాపారి వెళ్ళాక హులిగమ్మక్క వచ్చింది. తనకు మిగిలిన రెండెకరాల పంట యార్డుకు తెచ్చింది. నా బల్ల మీద గుప్పెడు గింజలు పోసి, ఇప్పుడే అమ్మాలా, ఆగాలా అని మళ్ళీ నన్నే అడిగింది. కెనడాలో ఏమంటున్నారో చెప్పాను, అది నేను చదివిన మాటేనని చెప్పాను. ఇక్కడ ఏం తెలుసో చెప్పాను. ధర ఎటు పోతుందో నాకు తెలియదని కూడా చెప్పాను.

హులిగమ్మక్క తల ఊపి, ఒక గింజ తీసి నా చేతిలో పెట్టింది. కొరికాను. టప్పుమంది.

"బాగా ఎండిండాది," అంది ఆమె.

"హౌదక్కా," అన్నాను. "ఇది మాత్రం నాకు తెల్సు."