అయిపోయిన వంటకం

నగరం నడిబొడ్డున ఉన్న ఆ గ్రీకు హోటల్లో సర్వరు పెద్దాయనకి అరవై దాటినా నడుము వంగలేదు. భుజాన తెల్ల తువ్వాలు, మోచేతుల దాకా మడిచిన చొక్కా. ఆలివ్ కాయల గిన్నె పెట్టేటప్పుడు బల్లకి కూడా తెలియనివ్వడు; పదిమంది చెప్పినవి కాగితం మీద పెట్టకుండానే పొల్లుపోకుండా తెస్తాడు.

మొన్న మధ్యాహ్నం ఒక తాపీమేస్త్రి కాబోయే వియ్యాలవారిని భోజనానికి తీసుకొచ్చాడు. ఆయనకి చదవడం రాదని పక్కన కూర్చున్న కూతురికి తప్ప అక్కడెవరికీ తెలీదు. మెనూ కార్డు కాసేపు దర్జాగా తిరగేసి, అట్టడుగున వేలు పెట్టి, "నాకిది తెండి" అన్నాడు. వేలు కింద ఉన్నది హోటలు చిరునామా. కూతురి మొహం పాలిపోయింది. పెద్దాయన మాత్రం కనురెప్ప కూడా కదల్చలేదు. "అయ్యో, అదిప్పుడే అయిపోయిందండీ. లోపలికి రండి, ఉన్నవి మూతలు తీసి చూపిస్తా" అన్నాడు. మేస్త్రి వంటింట్లో నాలుగు గిన్నెలు వాసన చూసి, ఒకటి తేల్చుకుని, ఠీవిగా తిరిగొచ్చాడు. "బావగారూ, ఇక్కడ కార్డు చూసి కాదు, గిన్నె చూసి చెప్పాలి" అన్నాడు. వియ్యంకుడు కార్డు బల్ల మీద పడేసి లేచాడు. "బతికించారు బావగారూ! ఈ పేర్లలో నాకు ఒక్కటి అర్థమైతే ఒట్టు." పెద్దాయన అప్పటికే వంటింటి తలుపు తెరిచి పట్టుకున్నాడు.