లీలావతి ఇంటి శ్రుతి

లీలావతి చెవి మామూలు చెవి కాదు. ఆ సంగతి ముందే చెప్పేయాలి, లేకపోతే తర్వాత జరిగింది ఎవరూ నమ్మరు. మైక్రోవేవ్ కూత పెడితే "ఛీ, అపస్వరం" అని మొహం చిట్లించే మనిషి ఆవిడ. ఒకసారి కారు కొనడానికి వెళ్లి, ధర, మైలేజీ అన్నీ కుదిరాక, సీట్‌బెల్ట్ పెట్టుకోమని మోగే గంట బాగాలేదని ఆ కారు వద్దంది. భర్త దివాకర్ ఈ కథని ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఇప్పటికీ చెప్పి నవ్విస్తాడు. ఆమె కూడా నవ్వుతుంది కానీ ఆ కారు వద్దన్నందుకు ఇసుమంతైనా విచారించలేదు.

గుంటూరు నుంచి వర్జీనియా వచ్చిన కొత్తలో ఆమె వీసా మీద ఉద్యోగం చేసే వీల్లేదు. ఊరికే కూర్చోలేక పక్కింటి పిల్లకి సరళీ స్వరాలు చెప్పింది. ఆ పిల్లని చూసి ఇంకో పిల్ల, ఆ పిల్ల వెనక దాని చెల్లెలు. ఏళ్లు గడిచేసరికి శనివారం మధ్యాహ్నం ఆ వీధిలో పార్కింగ్ దొరకడమే కష్టమైంది. బేస్‌మెంట్‌లో తివాచీ, గోడకి సరస్వతి పటం, పటం కింద శ్రుతి పెట్టె. తంబురాకి బదులు కరెంటుతో మోగే చిన్న డబ్బా అది. మీట తిప్పి ఎంతలో కావాలంటే అంతలో పెట్టుకోవచ్చు, పాడినంతసేపూ వెనకాల మోగుతూ ఉంటుంది. లీలావతి దాన్ని అయిదు శ్రుతిలో పెట్టి ఆ మీట ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు.

ఇంటి వెనక పల్చటి చెట్ల వరస. దాని అవతల ఒక డేటా సెంటర్ లేచింది. మనం ఫోన్‌లో తీసుకున్న ఫోటోలూ, వీడియోలూ చివరికి చేరేది ఇలాంటి చోటికేనట. అంత పెద్ద కట్టడానికి కిటికీ ఒక్కటీ లేదు. లోపలికి వెళ్లే మనిషినీ బయటికి వచ్చే మనిషినీ లీలావతి ఎన్నడూ చూడలేదు. మిషన్లను చల్లబరిచే ఫ్యాన్లు మాత్రం పైకప్పు మీద వరసగా తిరుగుతూ ఉండేవి.

నవంబర్‌లో ఆకులన్నీ రాలిపోయాక ఆమెకి ఆ రొద మొదటిసారి తెలిసింది. చెవికి వినపడినట్టు లేదు. గిన్నెలు కడుగుతూ సింక్ అంచు మీద చెయ్యి పెడితే చేతిలోకి వచ్చింది. మధ్యాహ్నం ఒక కునుకు తీద్దామని తలగడ మీద చెంప ఆనిస్తే దవడలోకి వచ్చింది. ఎవరో నోరు మూసుకుని, ఊపిరి కూడా తీసుకోకుండా, ఒకటే స్వరం పట్టుకుని కూర్చున్నట్టు ఉంది.

"ఏమండీ, మీకేం వినపడట్లేదా?"

దివాకర్ టీవీ మ్యూట్ చేసి చెవి రిక్కించాడు. "నువ్వు తీసే కూనిరాగం తప్ప నాకేం వినపడట్లేదు లీలా."

"నేనేం తీయట్లేదు."

"సరే, తీయట్లేదులే" అని మళ్లీ సౌండ్ పెట్టుకున్నాడు.

డాక్టర్ చెవులకి పరీక్షలు చేసి, భేషుగ్గా ఉన్నాయన్నాడు. కొందరికి వయసుతో పాటు ఇలా లోపల ఏదో మోగుతున్నట్టు ఉంటుందనీ, దిగులు తగ్గించుకోమనీ చెప్పాడు. దివాకర్ వాన చప్పుడు చేసే యంత్రం ఒకటి కొనిపెట్టాడు. వాన కింద కూడా రొద అలాగే ఉంది.

ఆ శీతాకాలమే గుడిలో పిల్లల కచేరీ జరిగింది. వయొలిన్ వాయించే శశికాంత్ గారు శ్రుతి సరిచూసుకుని తల ఊపారు. పిల్లలు ఎత్తుకున్నారు. ఎత్తుకోవడమే కొంచెం కిందికి ఎత్తుకున్నారు. ఒకరిద్దరు తప్పు పాడితే, పిల్లలు కదా అని సరిపెట్టుకోవచ్చు. అందరూ తప్పారు, అందరూ ఒక్కలాగే, వెంట్రుకవాసి తేడా లేకుండా. శశికాంత్ గారు వాయించడం ఆపి వాళ్ల వైపు వింతగా చూశారు. లీలావతికి మాత్రం పిల్లలు సరిగ్గా పాడుతున్నట్టూ, వయొలినే తేడాగా ఉన్నట్టూ అనిపించింది. చుట్టూ ఉన్న మొహాలు చూశాక కానీ ఆమెకి అనుమానం రాలేదు.

భోజనాల దగ్గర ఒక తల్లి మెల్లగా పక్కకి వచ్చింది. "టీచర్‌గారూ, మీకు హెల్త్ బాగానే ఉంటోందా?"

ఆ ప్రశ్నకి లీలావతి ప్రాణం చచ్చిపోయింది. ఆమెకి డిగ్రీలు లేవు, జీతం లేదు, ఆస్తి లేదు. ఉన్నదల్లా ఆ చెవే. అదే పోతే తనెవరు? ఇంటికొచ్చి బేస్‌మెంట్‌లో ఒక్కతే కూర్చుని ఏడ్చింది.

అలాంటప్పుడు వేద వచ్చింది. చిన్నప్పుడు ఆమె దగ్గరే సంగీతం మొదలుపెట్టి, గీతాలు రాకముందే మానేసిన పిల్ల. ఇప్పుడు లోకల్ న్యూస్ వెబ్‌సైట్‌లో రిపోర్టర్. డేటా సెంటర్ల చుట్టుపక్కల ఇళ్లలో సెన్సర్లు పెట్టి, ఆ లెక్కలతో ఒక స్టోరీ రాస్తోంది. అగ్గిపెట్టెంత డబ్బా, దానికో స్పాంజి టోపీ పెట్టిన మైకు.

"మాటలు రికార్డ్ అవ్వవు ఆంటీ, డోంట్ వర్రీ. ఎంత సౌండ్, ఏ పిచ్, అంతే చూస్తుంది."

"నీకు వినపడుతోందా వేదా?"

"నో ఆంటీ, నాకు ఏం వినపడదు. కానీ నేను వినక్కర్లేదు కదా, ఇది వింటుంది. దీనికి ఒపీనియన్ లేదు."

సెన్సర్‌ని బేస్‌మెంట్ కిటికీకి బయట బిగించి వెళ్లింది. వారం తర్వాత వచ్చి లాప్‌టాప్ తెరిచింది. తెర మీద పక్షుల అరుపులూ, కార్లూ చుక్కలు చుక్కలుగా చెదిరి ఉన్నాయి. వాటి మధ్య ఒక గీత, ఈ చివరి నుంచి ఆ చివరికి, ఎక్కడా తెగకుండా.

"అదే" అంది లీలావతి. "అదే, అదే." వేదని పట్టుకుని భోరుమంది. దివాకర్‌ని కిందికి పిలిచి ఆ గీత చూపించింది. పాపం, ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, "సారీ లీలా" అన్నాడు.

కంపెనీ వాళ్లు అంత తేలిగ్గా ఒప్పుకుంటారా? ఆ ఇంట్లో శ్రుతి పెట్టె మోగుతుంటుంది, మీ సెన్సర్ దాన్నే పట్టుకుని ఉంటుంది, అని ఈమెయిల్ పెట్టారు. వేద మొహమాటపడుతూనే అడిగింది. "ఆంటీ, కొన్నాళ్లు బాక్స్ ఆఫ్ చేస్తారా? అప్పుడు డేటా క్లీన్‌గా ఉంటుంది."

శ్రుతి లేకుండా పాఠం చెప్పడం లీలావతికి చెప్పులు లేకుండా మంచులో నడిచినట్టే. అయినా డబ్బా తీసి అలమరలో పెట్టింది. శనివారం పిల్లలు వచ్చారు. ఆధారం ఏమీ లేదు. "సా" అనమంది, అంతే. అందరి గొంతులూ వెతుక్కోకుండా వెళ్లి ఒకే చోట వాలాయి. ఎంత బాగా కుదిరిందో! ఇన్నేళ్లలో ఏ జట్టూ అంత కలిసి పాడలేదు. గుడిలో తిన్న దెబ్బ ఆ పూటతో మానింది.

వేద స్టోరీ వచ్చింది. చుట్టుపక్కల ఇళ్ల వాళ్లు కౌంటీ మీటింగ్‌లో అధికారులని నిలదీశారు. చెట్లు మళ్లీ చిగిర్చే వేళకి కంపెనీ ఫ్యాన్లు మార్చింది.

ఒక శనివారం పొద్దున లీలావతి కాఫీ కలుపుతుంటే రొద ఆగిపోయింది. పండగలా ఉంటుందనుకుంది. ఇల్లంతా ఎవరో సామాన్లు ఎత్తుకెళ్లినట్టు బావురుమంది. కాఫీ వదిలేసి సింక్ అంచు మీద చెయ్యి పెట్టి చూసింది.

ఆ మధ్యాహ్నమే వేద సెన్సర్ తీసుకెళ్లడానికి వచ్చింది. దాన్ని కిటికీ నుంచి విప్పి, ఆఫ్ చేయకుండా తివాచీ మీద పెట్టి, "చూడండి ఆంటీ, గీత లేదు" అని లాప్‌టాప్ ఇటు తిప్పింది. తెర ఖాళీగా ఉంది. ఈలోపు పిల్లలు దిగివచ్చి వరసగా కూర్చున్నారు.

"ఏదీ, సా" అంది లీలావతి.

పిల్లలు ఎత్తుకున్నారు. తెర మీద గీత లేచింది. పాత చోటే, అంతే తిన్నగా.

వేద నవ్వబోయి ఆగింది. లీలావతి అలమర తీసి, శ్రుతి పెట్టె తెచ్చి, అయిదులో మోగించింది. పళ్లు జివ్వుమన్నాయి. డబ్బా స్వరం ఒక చోట, పిల్లల గొంతులు దాని కింద ఇంకో చోట. ఏ గొంతూ పైకి రాలేదు.

"వినండర్రా, డబ్బాతో కలవండి!"

"ఆంటీ, బాక్స్ రాంగ్‌గా ఉంది" అంది ముందు వరసలోని తన్వి. మిగతా వాళ్లు పాడుతూనే తలలూపారు.

సరైన సా తనే అందించాలని లీలావతి నోరు తెరిచింది. గొంతు నేరుగా వెళ్లి పిల్లల పక్కన కూర్చుంది. ఇంకోసారి, ఇంకొంచెం పట్టుదలగా. మళ్లీ అక్కడికే. ఆ చోటు ఎంత హాయిగా ఉందంటే, ఆమెకి అక్కణ్ణుంచి కదలాలనిపించలేదు. చూసుకునేసరికి తన చేయి మీట మీద ఉంది. డబ్బాని పిల్లల దగ్గరికి దించేస్తోంది. ఎవరినీ ముట్టుకోనివ్వని మీట.

చటుక్కున స్విచ్ తీసేసింది. "ఆపండి! అందరూ ఆపండి!"

పిల్లలు బెదిరి నోళ్లు మూశారు. బేస్‌మెంట్ నిశ్శబ్దంగా ఉంది. ఆ స్వరం పోయింది అనుకుంది లీలావతి. గోడకి ఆనుకుంది.

వేద తెరనే చూస్తోంది. గీత సన్నబడింది కానీ పోలేదు. పిల్లల పెదాలు చూసింది, ఒక్కొక్కరివీ, చివరిదాకా. తర్వాత తలెత్తి లీలావతిని చూసింది.

"ఆంటీ," అంది మెల్లగా, "మీరు కూడా ఆపండి."