ఉలవలకెంతో పెట్రోలుకంతే

మిరపకాయలు కల్లాలకు చేరే రోజుల్లో చిలకలూరిపేట నుంచి గుంటూరు వెళ్తుంటే రోడ్డుకు రెండు వైపులా నేల ఎర్రగా కనిపిస్తుంది. మొన్న అదే దారిలో కారు నడుపుతూ వెళ్తున్నాను. పక్క సీట్లో మావారు. ఘాటు తగలగానే ఆయన జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "అద్దం ఎత్తవే బాబూ, ప్రాణం పోతోంది" అన్నారు. నేను ఇంకాస్త దించాను. వరసగా తుమ్మి, కళ్ళు తుడుచుకుని, నాలో నేను నవ్వుకున్నాను. పెట్రోలు వాసన, మిరప ఘాటు కలిసి వచ్చాయంటే నాకు హైమావతి గారు గుర్తొస్తారు. ఆవిడ మీకు తెలియదు. తెలిసి ఉంటే మీరూ అద్దం దించేవారే.

ఎనభైల మొదట్లో మార్టూరు దగ్గర ఒక పల్లెలో, హైస్కూల్లో నాకు ఉద్యోగం వచ్చింది. అప్పటికి నాకు పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. హైమావతి గారు అక్కడ లెక్కలు చెప్పేవారు. నాకన్నా బాగా పెద్దావిడ. పిల్లలు ఆవిడని కారు టీచరు అనేవాళ్ళు. ఆ చుట్టుపక్కల కారున్న టీచరు, ఆ మాటకొస్తే కారు నడిపే ఆడమనిషి ఆవిడొక్కరే మరి. దొరల కాలం నాటి నల్ల కారు అది. ఒక పొగాకు వ్యాపారి గొడౌన్లో ఏళ్ళ తరబడి పడి ఉంటే, వెనక సీట్లో కోళ్ళు గుడ్లు పెడుతుంటే, జీతం బకాయిలు ఒకేసారి చేతికొచ్చినప్పుడు ఈవిడ వెళ్ళి కొనుక్కొచ్చారు. ఆ డబ్బుతో మంచి గొలుసు చేయించుకోవచ్చు గదా అని స్టాఫ్ రూములో ఎవరో అన్నారట. "గొలుసు మెళ్ళో వేసుకుని ఎక్కడికి వెళ్తాను? బస్సులో నిలబడి స్కూలుకొస్తాను, అంతేగా" అన్నారట ఈవిడ. ఆ మాట అప్పటికే స్కూల్లో కథలా తిరుగుతుండేది.

నేను ఆవిడ ఇంటికి మొదటిసారి వెళ్ళింది ఒక ఆదివారం పొద్దున. పరీక్ష పేపర్లు కలిసి దిద్దుకుందామని రమ్మన్నారు. వెళ్ళేసరికి వాకిట్లో కారు కింద నుంచి రెండు కాళ్ళు, మసి పట్టిన చీర అంచు కనిపించాయి. "చూస్తూ నిలబడకపోతే ఆ చెక్క ముక్క చక్రం వెనక పెట్టమ్మాయ్" అని కింద నుంచే కేకేశారు. పెట్టాను. ఆవిడ బయటికొచ్చి, చెంగు నడుముకు బిగించి, కారు ముందు బొక్కలో ఇనుప హ్యాండిల్ దూర్చి తిప్పారు. ఇంజను దగ్గి, ఊరుకుంది. మళ్ళీ తిప్పారు. మళ్ళీ ఊరుకుంది. ఆవిడకు కోపం రాలేదు సరికదా, బానెట్ మీద చెయ్యి వేసి "ఇవాళ అలిగింది" అని నవ్వారు. చీరంతా గ్రీజు, నుదుటి మీద చెమట, కళ్ళల్లో మాత్రం పండగ. మా ఇళ్ళల్లో పెళ్ళయిన ఆడదాని మొహంలో అలాంటి సంతోషం నేనెప్పుడూ చూడలేదు. నాకు అసూయ కలిగింది, దాచుకోవడం దేనికి?

అదే వాకిట్లో రెండో పక్క కొట్టం. అందులో ఒక జత ఒంగోలు గిత్తలు. అవి ఆవిడ భర్త కోటయ్య గారివి. దుక్కికి కాదు, తిరునాళ్ళలో బండలాగుడు పందేలకు. నాగలి కట్టేవి వేరే ఎడ్లు. వీటికి ఉలవలు, కోడిగుడ్లు, రోజూ నూనె మర్దన. ఇన్నేళ్ళలో అవి గెలిచి తెచ్చినది ఒక గోడ గడియారం. అది కూడా నడవదు. అయినా ఊళ్ళో ఎవరూ ఆయన్ని పిచ్చివాడనలేదు. కోటయ్య గిత్తలంటే ఊరంతటికీ గొప్ప. పిచ్చి అన్న మాటంతా ఆవిడ కారుకే దక్కింది. వాళ్ళకు పొలం మీద వచ్చేది పత్తికి పురుగుమందులు కొట్టడానికే సరిపోయేది. ఇల్లు నడిచేది ఆవిడ జీతంతో. నెల మొదట్లో ఇంటి సరుకులు, కూతురి కాలేజీ ఖర్చు పక్కన పెట్టాక, మిగిలింది సగం సగం. "ఉలవలకెంతో పెట్రోలుకంతే. ఇందులో పేచీ లేదు" అనేవారు. కోటయ్య గారు దానికి ఒప్పుకున్నారు. ఒప్పుకోనిది ఆయన అన్నగారు చలమయ్య.

చలమయ్య గారిది అదే ఇంట్లో రెండో సగం. మధ్యలో ఒకటే గోడ. ఊరికే పడి ఉన్న వస్తువును చూస్తే ఆయనకు నిద్ర పట్టదు. ఒక ఏడాది మిరప మంచి ధర పలుకుతుంటే, హైమావతి గారు పేపర్లు దిద్దడానికి ఒంగోలు వెళ్ళిన సమయం చూసి, తమ్ముడి దగ్గర తాళం తీసుకున్నారు. కారు వెనక సీటు ఊడబీకించి, మిరప టిక్కీలు, అంటే గోనె బస్తాలు, పైకప్పు దాకా కుక్కించి, గుంటూరు యార్డుకు తోలించారు. తిరిగొచ్చాక సీటు మళ్ళీ బిగించి, లోపలంతా నీళ్ళు కొట్టి కడిగించారు. మిరపపొడి పట్టిన గుడ్డను తడిపితే ఏమవుతుందో మిరప పండించే మనిషికి తోచకపోవడమే వింత. పైగా, అదే ఊపులో, మర్నాటి సాయంత్రం చుట్టాలింటి పెళ్ళి ఊరేగింపుకు ఆ కారు బాడుగకు మాట్లాడేశారు.

ఆ ఊరేగింపు నేను చూశాను. బంతిపూలు కట్టి, ముందు బ్యాండు, పక్కన పెట్రోమాక్స్ లైట్లు. కారులో పెళ్ళికూతురు కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. "పుట్టిల్లు వదిలి వెళ్తోంది, పాపం" అని ఆడవాళ్ళంతా కొంగులు కళ్ళకద్దుకున్నారు. కాసేపటికి పెళ్ళికొడుకూ ఏడవడం మొదలుపెట్టాడు. అతను ఏ పుట్టిల్లు వదిలాడని? తర్వాత తోడుకూర్చున్న మేనత్త తుమ్మింది. ఆవిడ తుమ్ములకు ఒళ్ళో పిల్లవాడు గుక్క పట్టాడు. చివరికి కొత్త దంపతులిద్దరూ తలుపు తోసుకుని కిందికి దూకి, మిగతా ఊరంతా నడిచే తిరిగారు. బ్యాండు వాళ్ళు నవ్వాపుకోలేక వాయించడం మానేశారు.

మర్నాడు ఒంగోలు నుంచి వచ్చిన హైమావతి గారు కారు తలుపు తీసి, తుమ్మి, సంగతంతా విన్నారు. చలమయ్య గారు ఎదురొచ్చి, "కారులో ఏదో దోషముందమ్మా" అన్నారు.

"ఉంది బావగారూ. మీ మిరపకాయలున్నాయి."

"కాదమ్మాయ్, నాలుగు రాళ్ళు సంపాదిస్తుందని..."

"సంపాదించడానికి నేనున్నానుగా. ఇది కూలికెళ్ళే బండి కాదు. మీ తమ్ముడి గిత్తలు దుక్కికెళ్తున్నాయా? ఇదీ అంతే. తిని కూర్చోవడానికే ఉంది." అలా అని చీపురు, పాత గుడ్డలు తీసుకుని పనిలోకి దిగారు. ఆ ఘాటు పూర్తిగా ఎప్పటికీ వదల్లేదు. ఆ కారెక్కిన ప్రతివాళ్ళూ ఒకసారి తుమ్మాల్సిందే.

అసలు గొడవ శ్లాబు దగ్గర వచ్చింది. ఆ రోజుల్లో మా పల్లెల్లో పెంకుటిళ్ళు దించి శ్లాబులు వేస్తున్నారు. చలమయ్య గారు ఇల్లు మొత్తానికి ఒకేసారి వేయిద్దామని, తమ్ముడి వాటా డబ్బు ఇవ్వమని కూర్చున్నారు. తమ్ముడి దగ్గర లేదు. మళ్ళీ ఒక ఆదివారమే. వసారాలో నేనూ హైమావతి గారూ పేపర్లు దిద్దుతున్నాం. చలమయ్య గారు వచ్చి మంచం మీద కూర్చుని, "ఏరా కోటయ్యా, మేస్త్రి పని మొదలెడతానంటున్నాడు. ఆ కారు బేరం పెట్టెయ్. చిలకలూరిపేటలో ఒకాయన అడుగుతున్నాడు" అన్నారు. కోటయ్య గారు మెడ గోక్కున్నారు. చలమయ్య గారు ఆవిడ వైపు తిరిగి, "ఏమ్మా, ఇంటి మీద కప్పు ముఖ్యమా, ఆ ఇనప ముక్క ముఖ్యమా?" అన్నారు.

హైమావతి గారు ఎర్రసిరా పెన్నుకు మూత పెట్టారు. "కప్పే ముఖ్యం బావగారూ. అమ్మేద్దాం. గిత్తల్ని కూడా అమ్మేద్దాం. రెండూ ఒకే రోజు."

"గిత్తల్నా! అవి ఇంటి పరువమ్మా!"

"ఆయనది పరువైతే నాది పిచ్చెలా అయింది? ఆ ఉలవలు ఎవరి జీతంలోంచి వస్తున్నాయో మీకు తెలుసు. నేనెప్పుడూ కాదనలేదు. ఎందుకంటే వాటి వీపు నిమిరేటప్పుడు మీ తమ్ముడి మొహం చూస్తాను. ఆ సంతోషం కోసం ఎంతైనా పోనీ అనుకుంటాను. మరి నా మొహం ఎవరూ చూడక్కర్లేదా?"

గొంతు పెంచలేదు. కోటయ్య గారు లేచి కొట్టంలోకి వెళ్ళారు. గిత్తలకు నీళ్ళు పెట్టి, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, "అన్నయ్యా, నీ వైపు నువ్వు వేసుకో. మాది మాకు కుదిరినప్పుడు వేసుకుంటాం. గిత్తలూ ఉంటాయి, కారూ ఉంటుంది" అన్నారు.

"పెళ్ళాం చెప్పిందానికల్లా తలూపుతావురా?"

"ఊపితే ఊపాను. ఇన్నాళ్ళూ నా ఉలవలకి అది ఊపలేదూ?"

అలా ఆ ఇల్లు సగం శ్లాబు, సగం పెంకుతో నిలిచింది. వానొస్తే అన్నగారి శ్లాబు మీది నీళ్ళన్నీ వీళ్ళ పెంకుల మీదే పడేవి. గదిలో గిన్నెలు పెట్టుకునేవారు. దారిన పోయేవాళ్ళు నవ్వేవారు. "నవ్వనీ, టిక్కెట్టేం కొనక్కర్లేదుగా" అనేవారావిడ. ఆ తర్వాత తమ వైపు శ్లాబుకు డబ్బు కూడబెట్టాలని భార్యాభర్తలిద్దరూ ఒక మాట మీదికొచ్చారు. కారు చక్రాలు విప్పి ఇటుకల మీద నిలబెట్టారు. ఆయన తిరునాళ్ళకు వెళ్ళడం మానేసి, గిత్తలకు మామూలు మేత వేశారు. ఎవరూ ఎవరినీ ఎత్తిపొడవలేదు. శ్లాబు పోసిన మర్నాడే ఆవిడ చక్రాలు బిగించడం, ఆయన ఉలవలు ఉడకేయడం నేను కళ్ళారా చూశాను.

కారు ఇటుకలెక్కక ముందు, ఆ గొడవ జరిగిన వారంలోనే, నాకూ నడపడం నేర్పమని అడిగాను. "ఊరికే నేర్పను. నీ జీతంలోంచి పెట్రోలు పోయించు. నీ డబ్బు నీ చేత్తో ఖర్చుపెట్టడం ముందు నేర్చుకో, స్టీరింగు సంగతి తర్వాత" అన్నారు. అప్పట్లో నేను జీతం మొత్తం తీసుకెళ్ళి మామగారి చేతిలో పెట్టి, బస్సు ఛార్జీలకు మళ్ళీ ఆయన్నే అడిగేదాన్ని. ఆ నెల మామగారు చూసుకుని, "తగ్గిందేమ్మా?" అన్నారు.

"పెట్రోలు పోయించాను మామయ్యగారూ."

"మనకు కారెక్కడిది?"

"లేదండీ. నడపడం నేర్చుకుంటున్నాను."

అత్తగారు చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడ్డారు. మావారు కంచంలోకి చూస్తూ అన్నం కలుపుతూనే ఉన్నారు. నేను అక్కణ్ణించి కదల్లేదు. తర్వాతి నెలా తగ్గింది. ఆ తర్వాత అడగడం మానేశారు. కొన్నాళ్ళకు మావారే నేను నడపడం నేర్చుకునే కాలువ కట్ట మీదికి వచ్చి, వెనక సీట్లో కూర్చుని, తుమ్మి, నా డ్రైవింగుకు ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నారు.

చివరికి కోటయ్య గారికి మోకాళ్ళు పనిచేయడం మానేశాయి. గిత్తల్ని చూసుకోలేక, పొదిలి వైపు నుంచి వచ్చిన ఒక రైతుకు అమ్మేశారు. ఆ పొద్దునే హైమావతి గారు పేటలో ఆ పాత బేరగాడికి కబురు పెట్టారు. "నిన్నెవరడిగారే? నావి పోతే పోయాయి. నీదెందుకు పోవాలి?" అని కోటయ్య గారు గింజుకున్నారు. నాకూ ఒళ్ళు మండింది. ఇంత పోట్లాడి నిలబెట్టుకున్నది ఇప్పుడెందుకు వదులుకోవడమని మొహం మీదే అడిగేశాను.

"రెండూ ఒకే రోజు అన్నానుగా. ఆ రోజు బావగారి మాట మీద అమ్మితే ఓడిపోయేదాన్ని. ఇవాళ నా మాట మీద అమ్ముతున్నా" అన్నారు. కొన్నాయన డబ్బిచ్చి, హ్యాండిల్ ఏదని అడిగాడు. అది బేరంలో లేదన్నారు. "అది లేకుండా బండి ఎలా స్టార్టవుతుందండీ?" అన్నాడతను. "నెట్టుకోండి" అన్నారు.

నేను మొదటి కారు కొనుక్కున్న రోజున ఆవిడ బస్సులో మా ఇంటికి వచ్చి, పాత చీర ముక్కలో చుట్టిన ఆ హ్యాండిల్ నా చేతిలో పెట్టారు. కాఫీ తాగి, నా కారెక్కి, అలవాటుగా ముక్కు రుద్దుకుని, "ఇందులో తుమ్ము రాదేమ్మా" అని నిరాశపడ్డారు. ఇప్పుడు ఆవిడ లేరు. కార్లు మారినా, ఆ హ్యాండిల్ మాత్రం ఒక డిక్కీలోంచి ఇంకో డిక్కీలోకి మారుతూ నాతోనే ఉంది. మొన్న గుంటూరులో సర్వీసుకిస్తే మెకానిక్ దాన్ని బయటికి తీసి, "ఈ బండికి దీంతో పనేం లేదు మేడమ్. ఊరికే బరువు. తీసేయమంటారా?" అన్నాడు. మావారు నా వైపు చూశారు, నేనేమంటానో ఆయనకు తెలుసు.

"పనేం లేదని నాకూ తెలుసు బాబూ. బండి నాది, పెట్రోలు పోయించేది నేను. అక్కడే ఉండనీ" అన్నాను.