పద్యం కోసం వండిన మటన్

హరిదాస్ రోజూ పొద్దున వుడ్‌ల్యాండ్స్‌లో రైలెక్కగానే రెండే రెండు పంక్తుల కవిత్వం చదువుతాడు. అదీ మూడు వందల ఏళ్ల కిందటి లండన్ కవులది. చీమంత తగవును మహాయుద్ధంలా వర్ణిస్తూ, రెండేసి పంక్తులకు ప్రాస కట్టి, కాఫీ హోటళ్లలో ఒకరినొకరు ఏకిపారేసిన ఘనులు వాళ్లు. ఆఫీసుండే రాఫెల్స్ ప్లేస్ చేరేలోగా ఆ రెండు పంక్తులూ నోటికొచ్చేస్తాయి. జొహోర్‌లో పుట్టి, బీమా ఆఫీసులో తల నెరిసిన మనిషికి ఇదేం పిచ్చని ఇంట్లో నవ్వుతారు. ఆఫీసులో మాత్రం వినే చెవి ఒకటుంది. రాజమండ్రి నుంచి వచ్చిన సాంబమూర్తిది. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే బల్ల దగ్గర తింటారు.

ఒకరోజు తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌లో, ఫ్యాను కింది కుర్చీ మీద టిష్యూ పొట్లం పెట్టి, ఆ ఊరి మాటలో 'చోప్' చేసుకుని, అంటే చోటు ఆపుకుని, హరిదాస్ నూడుల్స్ తేవడానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి పొట్లం పక్కకు జరిపి సాంబమూర్తి కూర్చున్నాడు. ఇంకేం, ఆ కవులు పూనారు. సాయంత్రానికల్లా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పద్యం:

"కాగితపు కోట కూల్చి కూర్చుండె సాంబమూర్తి,
మటన్ కూర మెక్కి చాటె దిక్కులందు కీర్తి!"

గ్రూపంతా పగలబడి నవ్వింది. మర్నాడు సాంబమూర్తి బల్ల దగ్గరికి రాలేదు. హరిదాస్ కంగారుపడలేదు. పద్యంతో పొడిస్తే జవాబూ పద్యంలోనే రావాలి కదా, రాసుకుంటున్నాడనుకున్నాడు. వారం గడిచింది. పద్యమూ లేదు, మనిషీ లేడు. పొద్దున చదివింది వినడానికి ఎదురుగా నూడుల్స్ గిన్నె తప్ప ఎవరూ లేరు.

"నాన్నా, అంకుల్ నిజంగా హర్ట్ అయ్యారు లా. గో అండ్ టాక్!" అంది కూతురు శర్మిల, ఆ ఊరి యాసలో.

వెళ్లాడు. సాంబమూర్తి తన సీట్లోనే పెరుగన్నం తింటున్నాడు.

"కుర్చీ గొడవకే ఇంత కోపమా స్వామీ?"

"కుర్చీ ఎవడిక్కావాలయ్యా! నేను తిన్నది ఇడ్లీ. నువ్వు మటన్ తినిపించావు. ఆ గ్రూపులో మా అత్తగారున్నారు! వారం నుంచి ఇంట్లో నా కంచం వేరు, గ్లాసు వేరు!"

"ఇడ్లీ పెట్టి చూశాను. పద్యం నడక కుంటింది."

"ఇక్కడ నా కాపురం కుంటుతోంది!"

"సరే, ఇవాళే ఇంకో పద్యం..."

"పద్యం అన్నావంటే చూడు! వచనంలో రాయి. ఒక్క వాక్యం."

హరిదాస్ ఫోన్ తీశాడు. ప్రాస లేదు, పోలిక లేదు. "సాంబమూర్తి ఆ రోజు తిన్నది మల్లెపువ్వులాంటి ఇడ్లీ" అని కొట్టాడు. సాంబమూర్తి గుడ్లురిమాడు. మల్లెపువ్వును చెరిపేసి పంపాడు. కాసేపటికి అత్తగారి నుంచి దణ్ణం బొమ్మ వచ్చింది.

సాంబమూర్తి డబ్బా మూత పెట్టాడు. "పద, కాఫీ తాగుదాం. పొద్దున ఏం చదివావు?"

హరిదాస్ వచ్చే ఏడాది రిటైరవుతాడు. ఇప్పటికీ ఇద్దరూ ఆ బల్ల దగ్గరే తింటారు. ఫ్యాను కింది కుర్చీ సాంబమూర్తిది.