కంట్రోల్ ఎస్, చేపల పులుసు

మొన్న గురువారం మా ఫ్యాక్టరీ కాంటీన్లో చేపల పులుసు కోసం జనం బారులు తీరారు. అక్కడ చేపా లేదు, పులుసూ లేదు. అంతా నా ఎడమ చేతి చిటికెన వేలు చేసిన పని. టీ తెచ్చుకుని కూర్చోండి, చెప్తాను.

మాది ఒడిశాలో, కొరాపుట్ జిల్లాలో ఒక ఫ్యాక్టరీ టౌన్‌షిప్. నేను కంప్యూటర్ సెక్షన్లో ప్రోగ్రామర్ని. సెక్షన్ అంటే పెద్దగా ఊహించుకోకండి. నేనూ, చెడిపోయిన ప్రింటర్లూ, యూపీఎస్ బ్యాటరీలూ కలిసి ఒకే గదిలో కాపురం. దానికి కిటికీ లేదు. బయట వానో ఎండో తెలియాలంటే లోపలికొచ్చినవాళ్ళ చెప్పులు చూడాలి. ఈమధ్య పై అంతస్తులో కొండ కనిపించే కిటికీ ఉన్న గది ఒకటి ఖాళీ అయింది. నాకు కావాలన్నాను. సేఫ్టీ సెక్షన్ వాళ్ళూ కావాలన్నారు.

మా బాస్ మొహంతీ బాబు పందెం పెట్టినట్టు ఒక మాట చెప్పారు. కాంటీన్లో కొత్తగా బిగించిన పెద్ద స్క్రీన్ మీద రోజూ మెనూ ఒడియాలో, తెలుగులో, హిందీలో రావాలి. గురువారం జనరల్ మేనేజర్ గారు అక్కడే భోంచేస్తారు. ఆ పూట స్క్రీన్ సరిగ్గా నడిస్తే గది నాది. లేదంటే సేఫ్టీ వాళ్ళది.

ప్రోగ్రామ్ ముందే రాసేశాను. అక్కడితో ఆగితే బాగుండేది. నేను కోడ్ రాసే ఎడిటర్లో ఏ మీట నొక్కితే ఏ పని జరగాలో మనమే మార్చుకోవచ్చు. నాకు అదొక పిచ్చి. చీరకి మ్యాచింగ్ గాజుల కోసం తిరిగేవాళ్ళున్నట్టే నేను షార్ట్‌కట్ల కోసం తిరుగుతాను. మౌస్ పట్టుకునేవాళ్ళని చూస్తే జాలేస్తుంది. మెనూ టైప్ చేశాక సేవ్ చెయ్యాలి, దానికి కంట్రోల్ ఎస్. తర్వాత కాంటీన్‌కి పంపాలి, దానికి వేళ్ళు మెలికలు తిరిగే ఇంకో షార్ట్‌కట్. రెండెందుకు? కంట్రోల్ ఎస్ నొక్కగానే సేవ్ అయిపోయి, అటునుంచి అటే కాంటీన్ స్క్రీన్ ఎక్కేలా కలిపేశాను. నా తెలివికి నేనే ముచ్చటపడి అదనంగా ఒక టీ కూడా తాగాను.

ఒక్క సంగతి మరిచిపోయాను. నేను కంప్యూటర్ నేర్చుకున్నది గుణుపూర్ దగ్గర పద్మపూర్‌లో. అక్కడ కరెంటు ఎప్పుడు పోతుందో కరెంటుకే తెలీదు. అందుకని ఒక లైను రాయడం, సేవ్ నొక్కడం. ఇంకో లైను రాయడం, మళ్ళీ సేవ్ నొక్కడం. ఇప్పుడు పక్కనే బ్యాటరీలున్నా ఆ అలవాటు పోలేదు. నాలుగక్షరాలు పడగానే చిటికెన వేలు కంట్రోల్ మీద వాలుతుంది. రెప్ప వేసినట్టు. నాకు తెలియను కూడా తెలియదు.

ఇక ఆ గురువారం మామూలు గురువారం కాదు, మార్గశిర గురువారం. ఒడియావాళ్ళ ఇళ్ళల్లో లక్ష్మీపూజ. కాంటీన్లో కూడా నీచు వండరు, ఉల్లి, వెల్లుల్లి వెయ్యరు. పొద్దున్నే అన్నం, కూరగాయ ముక్కలేసిన పప్పు దాల్మా, తియ్యటి పచ్చడిలాంటి టమాటా ఖట్టా అని పంపించాను. మూడు భాషల్లోనూ బ్రహ్మాండంగా వచ్చిందని కాంటీన్ సూపర్‌వైజర్ అప్పారావు ఫోన్ చేసి చెప్పాడు. ఊరుకోవచ్చుగా? భోజనాల వేళకి కాస్త ముందు నాకో అనుమానం వచ్చింది. పేర్లు పొడుగైతే అక్షరాలు గళ్ళలోంచి బయటికి పోవు కదా? నా మానిటర్ మీదే చూసుకుందామని శాంపిల్‌కి కొన్ని పేర్లు కొట్టాను. ఆకలి మీద ఉన్నానేమో, చేపల పులుసు, రొయ్యల వేపుడు తప్ప ఇంకేం తోచలేదు. అవే ఒడియాలోనూ, హిందీలోనూ. చిటికెన వేలు లైను లైనుకీ తన డ్యూటీ తను చేసింది.

నేనింకా కొడుతుండగానే అప్పారావు మళ్ళీ ఫోన్ చేశాడు. అతనిది శ్రీకాకుళం వైపు.

"మేడం గారూ, ఏటండీ ఇది? సేపల పులుసని ఏసేరు. జనం పళ్ళేలు పట్టుకుని నిలబడిపోయేరు. నాకాడ గుమ్మడికాయ తప్ప ఏటీ లేదు."

నేనేం వెయ్యలేదన్నాను, టైపింగ్ ఆపకుండానే.

"ఇదిగో, ఇప్పుడు రొయ్యలు కూడా వచ్చీసేయి."

అప్పుడు వెలిగింది. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, చేపల పులుసు ఈ రోజు లేదు అని దిద్దబోయాను. 'ఈ రోజు' దాకా వచ్చేసరికి వేలు మళ్ళీ వాలింది.

"ఈ రోజేనని కూడా ఏసేరేటండీ," అన్నాడు అప్పారావు నీరసంగా.

కాంటీన్‌కి పరుగెత్తాను. క్రేన్ నడిపే సింహాచలం తెచ్చుకున్న క్యారేజీ పక్కనపెట్టి మరీ లైన్లో ముందు నిలబడ్డాడు. అవతలి షెడ్డు వాళ్ళకి ఫోన్లు కూడా చేశాడట. అకౌంట్స్‌లో పనిచేసే మీనతి అపా, అంటే మీనతక్క, వ్రతంలో ఉంది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, రాని వాసనని ఆపుకుంటూ నన్నే చూసింది. అందరి మధ్యా జనరల్ మేనేజర్ గారు స్క్రీన్ చదువుతూ నిలబడ్డారు. పక్కన మొహంతీ బాబు నేల చదువుతున్నారు.

పొరపాటైందని అరిచి చెప్పాను. సింహాచలం కదల్లేదు. "రాసింది పెట్టండి. ముక్క లేకపోతే పోనీ, పులుసైనా ఎయ్యండి," అన్నాడు. జనరల్ మేనేజర్ గారి ఇంట్లో నెలంతా పూజలేమో, వెళ్ళేముందు అప్పారావు దగ్గరికి జరిగి, నిజంగా ఒక్క ముక్కైనా లేదా అని మెల్లగా అడిగారట.

మా ఆయనది కకిరిగుమ్మ రైల్వే స్టేషన్లో ఉద్యోగం. నేను ఇల్లు చేరకముందే కబురు ఆయనకి చేరింది. సాయంత్రం ఫోన్ ఎత్తగానే, రొయ్యలు మిగిలాయా అని అడిగారు.

మర్నాడు మొహంతీ బాబు పిలిచారు. తిట్టలేదు. కొండ కనిపించే గది సేఫ్టీ వాళ్ళకి వెళ్ళిపోయింది. నాకూ కిటికీ ఉన్న గదే ఇచ్చారు. కాంటీన్ వెనకాల, కిటికీ తెరిస్తే ఎదురుగా వంటిల్లు. "మెనూ ప్రకటించే ముందు కనీసం వాసన చూడండి," అన్నారు.

చూస్తున్నాను. ఆ షార్ట్‌కట్ కూడా తీసేశాననే నా నమ్మకం. ఇదంతా మీ కోసం కొత్త గదిలో కూర్చుని అదే ఎడిటర్లో టైప్ చేశాను, అలవాటు ప్రకారం లైను లైనుకీ సేవ్ నొక్కుకుంటూ. ఒక్క నిమిషం ఉండండి. కిటికీ అవతల అప్పారావు గరిటె పట్టుకుని నా వైపే వస్తున్నాడు.