స్వరూప అనని మాట

ఏళ్ల తరబడి ఒక వాక్యాన్ని మోస్తున్నాను. దాంతోనే నాకు పేరొచ్చింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ముందే ఒకటి చెప్పాలి. యుద్ధం వద్దని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. అందులో పశ్చాత్తాపం లేదు. నా తప్పు వేరే.

అప్పట్లో యూనివర్సిటీలో రీసెర్చ్ చేసేదాన్ని. తార్నాకలో మా ఇంటి పై వాటాలో స్వరూప, ఆమె అత్తగారు అద్దెకుండేవారు. స్వరూప భర్త జవాను. సరిహద్దులో చనిపోయాడు. ఆయన్ను తెచ్చిన రోజు మా వీధి నిండా దండలు, మైకులు. అన్నీ అయ్యాక పైకి వెళ్లి స్వరూప పక్కన కూర్చున్నాను. ఆమె ఏమీ మాట్లాడలేదు. కుక్కర్ కూస్తే లేచి స్టవ్ ఆపి, మళ్లీ వచ్చి కూర్చుంది. అంతే.

ఆ వారమే క్యాంపస్‌లో యుద్ధానికి వ్యతిరేకంగా సభ పెట్టాం. నేను మాట్లాడుతుంటే ఒక్కొక్కరే లేచి వెళ్లిపోతున్నారు. అప్పుడన్నాను: "మా పై వాటాలో ఉండే జవాను భార్య స్వరూప నాతో ఏమన్నదో తెలుసా? 'మీ దండలు మీరే ఏసుకోండ్రి, మా మనిషిని మాకియ్యిండ్రి' అన్నది."

వెళ్లేవాళ్లు ఆగిపోయారు. మాది కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. అబద్ధానికి ఆమె యాస కూడా తొడిగాను. తెల్లారేసరికి ఆ మాట ఆమె పేరుతో సహా క్యాంపస్ గోడలెక్కింది, అందరి ఫోన్లలోకీ చేరింది.

స్వరూప కిందికి దిగి వచ్చింది.

"అక్కా, గా మాట నేనెప్పుడన్న?"

"నీ మనసులో ఉన్నదే కదా స్వరూపా."

"ఉంటే ఉండనీ. అనాల్నా వద్దా అన్నది నా ఇష్టం గద? 'నా కొడుకు ఉత్తగనే పాయెనంటున్నవా బిడ్డా' అని మా అత్తమ్మ అడుగుతున్నది. ఏం చెప్పాలె? నేను అనలేదని నువ్వే చెప్పు అక్కా, నలుగురి ముంగట."

చెబుతానన్నాను.

సాయంత్రం ఒక విలేఖరి ఫోన్ చేశాడు. స్వరూప కాదంటోంది, నిజమేమిటని అడిగాడు. "పాపం, ఒత్తిడికి భయపడి మాట మార్చింది," అన్నాను. తడబడలేదు. ఎందుకన్నాను? ఉద్యమం పరువు పోతుందనా? చాలాకాలం నాకు నేను అలాగే చెప్పుకున్నాను, ఇంత పెద్ద అన్యాయం ముందు నా అబద్ధం ఎంత అని కూడా వాదించుకున్నాను. కానీ అసలు సంగతి అది కాదు. ఆ చప్పట్లు వదులుకోబుద్ధి కాలేదు.

నా మాటే నమ్మారు. స్వరూపను కొందరు దేశద్రోహి అన్నారు, మా ఉద్యమంవాళ్లే పిరికిది అన్నారు. నెల తిరక్కుండా అత్తాకోడళ్లు ఇల్లు ఖాళీ చేసి బౌద్ధనగర్ వెళ్లిపోయారు. సామాన్లు దించుతుంటే నేను తలుపు తీయలేదు. యుద్ధం ఆమె భర్తను తీసుకుంది. ఆమె మాటను తీసుకున్నది నేను.

ఇప్పుడు అదే క్యాంపస్‌లో పాఠాలు చెబుతున్నాను. మళ్లీ యుద్ధం మాటలు వినిపిస్తున్నాయి, మళ్లీ సభ పెడుతున్నారు. ఆ వాక్యంతోనే మొదలుపెట్టమని విద్యార్థులు అడిగారు. వెళ్తాను. యుద్ధం వద్దనే మాట్లాడతాను. కానీ అంతకన్నా ముందు స్వరూప అబద్ధమాడలేదని చెబుతాను. ఆమె క్షమిస్తుందని కాదు. క్షమించమని అడిగే ముఖం కూడా నాకు లేదు.

ఆ వాక్యం నేను కల్పించింది. ఇంత చిన్న మాట. మొదటిసారి బయటికి అన్నాను, మీతో.